ప్రార్థనలో మార్కులు చదివే సోమవారం

ప్రశ్న: పల్నాడు జిల్లాలో ఓ చిన్న ఊళ్లో ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. మొత్తం 420 మంది పిల్లలు. నా ఏడో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. నెమ్మదస్తుడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. జూన్‌లో వాణ్ణి ‘ఎ’ సెక్షన్ నుంచి ‘బి’కి మార్చారు. అప్పట్నుంచి స్లిప్ టెస్టు ఉన్న రోజు పొద్దున్నే వాంతి చేసుకుంటున్నాడు. పాఠం పైకి చదవమంటే గొంతు పెగలదు, అరచేతులు తడిసిపోతాయి. పాపం అనిపించి టెస్టు రాయొద్దులే, చదవొద్దులే అని వదిలేశాను. తగ్గుతుందనుకుంటే ఇప్పుడు సోమవారాలు బడికే రావడం లేదు. నాన్న నాటకాలంటాడు. అమ్మ ఫోన్లో ఏడుస్తుంది. మా కరస్పాండెంట్ గారు మంచివారే. వారానికోసారి కౌన్సిలర్‌ని పిలిపిద్దాం, రోజూ పావుగంట ధ్యానం పెట్టిద్దాం అంటున్నారు. అది సరిపోతుందా? నేను వదిలెయ్యడం తప్పా? అన్నట్టు, వారం మార్కులు సోమవారం ప్రార్థనలో చదువుతాం. తక్కువొచ్చినవాళ్లు ముందుకొచ్చి నిలబడతారు. అది అన్ని స్కూళ్లలో ఉన్నదేననుకోండి. (ఉత్తరాన్ని కుదించి వేశాం.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతి ఆఖరి మూడు వాక్యాల్లో ఉంది. కవరు అంటించబోతూ గుర్తొచ్చి రాసినట్టున్నారు. వాంతి గురించి పేజీన్నర రాశారు, సోమవారం ప్రార్థన గురించి మూడు ముక్కలు. వాడు సోమవారాలే ఎందుకు రావడం లేదో మీ ఉత్తరమే చెబుతోంది.

మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్లూ నేనూ మార్కులు చదివించినదాన్నే. మైకు పెట్టించి మరీ చదివించాను. ఆ రోజుల్లో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు సోమవారం ప్రార్థన అయ్యేదాకా బాత్రూముల వెనక దాక్కునేవాడు. ప్రార్థన అవగానే మా ఆయా వాడికి గ్లాసుడు నీళ్లిచ్చి, వెనక వరండాలోంచి క్లాసుకి పంపేది. ఇలా రెండు నెలలు జరిగింది. ఆయాకి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు, గేటు బయట జామకాయలమ్మే ఆవిడకీ తెలుసు. నాకు తెలీదు. ఆయా సెలవు పెట్టిన వారం వాడు దొరికిపోతే అప్పుడు తెలిసింది. ‘నాకెందుకు చెప్పలేదే?’ అని అడిగాను. ‘చెబితే వాణ్ణి ఏమంటారోనని, అమ్మగారూ’ అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా బళ్లో ఆ పిల్లాడికి మనశ్శాంతి కోసం పనిచేసింది ఒకే ఒక్క మనిషి. ఆమెకి నెలనెలా జీతం ఇచ్చేది నేలలు తుడిచినందుకు.

మీరు వదిలెయ్యడం తప్పా అని అడిగారు. మనసు మంచిదే, పని మాత్రం ఎదురు తిరిగింది. ఎందుకో చెబుతాను. కాళ్ల దగ్గర పాము కనబడితే మన ఒళ్లు ఏం చేస్తుందో, స్లిప్ టెస్టు కాగితం కనబడితే వాడి ఒళ్లు అదే చేస్తోంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి, అరుగుదల మందగించి కడుపులో తిప్పుతుంది. ఆ వాంతి నిజం వాంతే. నాటకం అనే మాట వాళ్ల నాన్న నోట రాకుండా చూడటం మొదటి పని. ఇక, మీరు ‘రాయొద్దులే’ అనగానే ఆ దడ టక్కున తగ్గింది. ప్రాణం హాయిగా ఉంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. ‘టెస్టు తప్పింది కాబట్టి గట్టెక్కాను’ అని వాడి ఒళ్లు పాఠం నేర్చుకుంది. రాస్తూ కూర్చుని ఉంటే, కాసేపటికి ఆ దడ దానంతటదే దిగుతుందని నేర్చుకునేది. ఆ సంగతి తెలుసుకునే వీలే వాడికి చిక్కలేదు. తప్పించుకున్న కొద్దీ భయానికి మేత వేసినట్టవుతుంది. మొదట టెస్టు, తర్వాత చదవడం, ఇప్పుడు సోమవారం.

అలాగని వాళ్ల నాన్న దారిలో, ‘రాస్తావా చస్తావా’ అని తోసెయ్యమనడం లేదు. మా ఊళ్లో పిల్లలకి బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకి బెండ్లు కట్టి దింపేవారు. అలవాటు పడేకొద్దీ ఒక్కో బెండే తీసేసేవారు. ఆఖరి బెండు తీసిన రోజు పిల్లాడికి తెలిసేది కూడా కాదు. మీరు చెయ్యాల్సింది అదే. పైకి చదవడంతో మొదలుపెట్టండి, అది మీ చేతిలో పని. మొదటి వారం లీజర్ పీరియడ్లో మీకొక్కరికే రెండు వాక్యాలు చదివి వినిపించాలి. తర్వాత వాడికి నచ్చిన ఒక స్నేహితుడి ఎదుట. తర్వాత క్లాసులో, కూర్చున్న చోటినుంచి, ఆ స్నేహితుడితో గొంతు కలిపి. ఆ తర్వాత ఒక్కడే, ఒకే వాక్యం, ఏ వాక్యమో ముందురోజే చెప్పి. చదువుతుంటే గొంతు వణికితే వణకనివ్వండి. ‘భలే చదివావు’ అని ఆకాశానికెత్తొద్దు, అందరూ తిరిగి చూస్తారు. తలూపి తర్వాతి పిల్లాణ్ణి పిలవండి. వాడికి కావలసింది ఆ మామూలుతనమే.

స్లిప్ టెస్టుకీ ఇదే లెక్క. అందరితో పాటు కూర్చోవాలి, కాగితం తీసుకోవాలి. మొదటి వారం రెండు ప్రశ్నలు రాస్తే చాలు. ఆ కాగితం మీరు తప్ప ఎవరూ చూడరు. మెట్టు ఎంత ఎత్తు ఉండాలో వాణ్ణే అడగండి. మనం కట్టిన మెట్టుకంటే వాడు కట్టుకున్నది ఎక్కడం తేలిక. ఒక మెట్టు మీద రెండు వారాలు ఆగిపోయినా ఫరవాలేదు. కిందికి మాత్రం దించకండి. ఇంకో మాట. పొద్దున్నే ‘ఏం కాదులే నాన్నా, ఏం కాదులే’ అని వాళ్లమ్మ పదిసార్లు అంటూ ఉంటుంది, నాకు తెలుసు. పదిసార్లు ఏం కాదన్నారంటే ఏదో ఉందనే అనిపిస్తుంది పిల్లాడికి. ‘కడుపులో తిప్పుతోంది కదూ, తెలుసు. అయినా వెళ్లొస్తావు. వాంతొస్తే కడుక్కుని కూర్చుంటావు’ అని ఒక్కసారి చెప్పి బూట్లు తొడుక్కోమంటే చాలు.

ఈ లోపు ఒకసారి డాక్టరుకి చూపించమనండి. కడుపు సంగతి, రక్తం సంగతితో పాటు కళ్లూ చెవులూ కూడా. మా దగ్గర ఒకమ్మాయి నోట్సు రాసుకోమంటే చాలు ఏడ్చేది. నెలంతా ధైర్యం చెప్పాక తేలిందేమిటంటే ఆ పిల్లకి బోర్డు కనబడటం లేదు. కళ్లజోడు వచ్చాక ఏడుపు ఆగింది. అన్ని భయాలూ మనసులోంచే పుట్టవు.

ఇక మీ కరస్పాండెంట్ గారి ఆలోచన. ఆయన మంచివారన్నారు, నమ్ముతాను. చాలామంది యాజమాన్యాలు ఈ మాత్రం కూడా అనవు. కానీ ఆయన మనసులో ఉన్న బొమ్మ ఇది: పిల్లాడిలో ఏదో పాడైంది, కౌన్సిలర్ దగ్గరికి పంపితే బాగుచేసి తిరిగిస్తారు, మనం మళ్లీ ‘బి’ సెక్షన్లో కూర్చోబెట్టి సోమవారం ప్రార్థనకి తీసుకెళదాం. తడి గోడకి సున్నం కొట్టినట్టుంటుంది అది. చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా ఎన్ని పూతలు పూస్తే ఏం?

ధ్యానం గురించి ఒక మాట. నేను రోజూ పొద్దున్నే చేసుకుంటాను, దానిమీద నాకేం కోపం లేదు. కానీ బ్రిటన్లో 85 స్కూళ్లలో 8 వేల పైచిలుకు పిల్లలతో పెద్ద పరీక్ష చేశారు. కొన్ని స్కూళ్లలో ధ్యానం లాంటి పాఠాలు పద్ధతిగా నేర్పించారు, మిగతా స్కూళ్లలో మామూలుగా చెప్పే పాఠాలే చెప్పారు. 2022లో ఫలితాలొచ్చాయి. పిల్లల దిగుల్లో, మనసు స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాస్త తేడా కనబడింది టీచర్లలోనట, అలసట తగ్గిందన్నారు. కాబట్టి ఆ పావుగంట స్టాఫ్ రూమ్‌లో పెట్టించండి. నవ్వులాటకి అనడం లేదు. పొద్దున్నే కరస్పాండెంట్‌తో మాట పడి క్లాసుకొచ్చిన టీచరు ఆ మాటని ఎవరి మీద దింపుకుంటుందో మీకూ నాకూ తెలుసు.

మన దేశంలోనే జరిగిన ఇంకో పరీక్ష మీకు మరీ దగ్గరగా ఉంటుంది. బీహార్‌లో నలందా జిల్లా, 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లు, దాదాపు 13 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలు. ‘సెహర్’ అని పేరు పెట్టారు, 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. అందులో ఒక్క పిల్లాణ్ణి పట్టుకుని బాగుచెయ్యలేదు. బడి మొత్తాన్ని పట్టుకున్నారు. ప్రార్థనలో మానసిక ఆరోగ్యం మీద మాటలు, గోడపత్రిక, పేరు రాయకుండానైనా కష్టం రాసి వేసే పెట్టె, వేధింపుల మీద తరగతుల్లో చర్చలు, టీచర్లూ పిల్లలూ తల్లిదండ్రులూ కూర్చునే ఒక కమిటీ, అవసరమైన పిల్లలకి విడిగా మాట్లాడే మనిషి. కొన్ని బళ్లలో ఇదంతా చేసింది ఇందుకోసమే పెట్టిన కౌన్సిలర్లు. వాళ్లేమీ సైకాలజీలో పెద్ద చదువులు చదివినవాళ్లు కారు, మామూలు డిగ్రీ చదివి శిక్షణ తీసుకున్నవాళ్లు. ఆ బళ్లలో వాతావరణం మారింది. పిల్లల్లో దిగులు తగ్గింది, ఒకర్నొకరు వేధించుకోవడం తగ్గింది.

ఇంకొన్ని బళ్లలో ఇదే పనిని అక్కడి టీచర్లతో చేయించారు. అక్కడ ఏ మార్పూ రాలేదు.

టీచరుగా నాకు చాలారోజులు మింగుడుపడలేదు ఈ సంగతి. మనకేం చేతకాదా అని రోషం వచ్చింది. తర్వాత కుదురుగా ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది: మనం సిలబస్‌లో మునిగి ఉంటాం, అది ఒకటి. రెండోది, మార్కులు వేసే చేతికి కష్టం చెప్పుకోవడానికి పిల్లలు జంకుతారు. పెట్టెలో వేసిన చీటీని ఏ టీచరు గురించి రాశారో ఆ టీచరే తెరుస్తారంటే ఎవరు వేస్తారు? మా బళ్లో ఆ పిల్లాడు ఆయా దగ్గరికి ఎందుకెళ్లాడో, నా దగ్గరికి ఎందుకు రాలేదో అప్పుడు తెలిసొచ్చింది. ఆయా ఎవరికీ మార్కులు వెయ్యదు.

అందుకని కౌన్సిలర్ వద్దని నేననను, కావాలి. కానీ వారానికోసారి వచ్చి గదిలో తలుపేసుకుని కూర్చునే కౌన్సిలర్ కాదు. ఆ గదికి వెళ్లిన పిల్లాడికి సాయంత్రానికల్లా ఏదో ఒక పేరు పెట్టేస్తారు క్లాసులో. వచ్చినప్పుడల్లా లాంగ్ బెల్‌లో గ్రౌండులో తిరగాలి, ప్రార్థనలో మాట్లాడాలి, ప్రతి క్లాసుకీ వెళ్లాలి, అందరికీ మొహం తెలియాలి. వ్యాన్ డ్రైవర్లతో, ఆయాలతో నెలకోసారి కూర్చోవాలి. పొద్దున్న ఎవరు ఏడుస్తూ ఎక్కారో, ఎవరు వెనకసీట్లో ముడుచుకు కూర్చుంటున్నారో డ్రైవర్‌కి తెలిసినంత క్లాస్ టీచర్‌కి తెలీదు.

కరస్పాండెంట్ గారితో ఎలా మాట్లాడాలి అనేది మీరు అడగలేదు గానీ, అడగాలనుకునే ఉంటారు. ఉద్యోగం చేస్తున్న మనిషి కదా మీరు. తప్పు చూపిస్తున్నట్టు వెళ్లకండి, కాగితం పట్టుకెళ్లండి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసది. తండ్రి కోర్టుకెళ్లాడు. ఆ కేసు దర్యాప్తుని సీబీఐకి అప్పగిస్తూనే, చట్టం వచ్చేదాకా దేశంలో అన్ని విద్యాసంస్థలూ పాటించాల్సిన 15 మార్గదర్శకాలు రాసింది కోర్టు. 100 మంది, అంతకు మించి పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్నో కనీసం ఒకర్ని పెట్టుకోవాలి. మీ బళ్లో 420 మంది. టీచర్లకే కాదు, బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. అంటే ఆయా, డ్రైవర్ కూడా. హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా రాసి పెట్టాలి. ఇంకా ఏం చెప్పిందంటే, వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని. మీ ‘ఎ’, ‘బి’ సెక్షన్లూ, మీ సోమవారమూ రెండూ ఉన్నాయి ఇందులో. దీనికి చాలా ముందే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం దాచేశాం, మైకు మాత్రం ఉంచుకున్నాం.

సెక్షన్లు కలపమని మొదటిరోజే అడిగితే పని జరగదు. తల్లిదండ్రులే గొడవ చేస్తారు, ‘మా వాడు ఎ సెక్షన్’ అని చెప్పుకోవడానికే ఫీజు కట్టేవాళ్లున్నారు. దాన్ని వచ్చే జూన్‌కి వదిలేయండి. ఇప్పుడు ఒక్కటే అడగండి: సోమవారం మార్కులు చదవడం ఆపమని. పైసా ఖర్చు లేదు. మార్కులు డైరీలో వెళతాయి, ఇంట్లో సంతకం పెడతారు, చాలు. ‘సిగ్గుపడితేనే చదువుతారు’ అంటారాయన, ప్రతి కరస్పాండెంటూ అంటారు. అప్పుడు మీరు హాజరు పట్టీ తెరిచి చూపించండి. గత మూడు నెలల్లో సోమవారం రానివాళ్లెందరు, మంగళవారం రానివాళ్లెందరు, తరగతులవారీగా లెక్క రాసుకెళ్లండి. మీ అబ్బాయి ఒక్కడే ఉండడని నా అనుమానం. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 3.79 లక్షల మంది విద్యార్థుల్ని అడిగితే, చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకి కారణమని నూటికి 81 మంది చెప్పారు. కానీ దేశం లెక్కకంటే తన బడి లెక్క ఆయనకి బాగా తలకెక్కుతుంది. ఫీజు కట్టే పిల్లాడు బడి మానేస్తున్నాడంటే ఏ యాజమాన్యమైనా చెవులు నిక్కబొడుచుకుంటుంది. నేను అక్కడ కూర్చుని చూసినదాన్నే.

స్టాఫ్ రూమ్ సంగతి కూడా చెప్పాలి. ఆ అబ్బాయి గురించి మిగతా సబ్జెక్టు టీచర్లకి చెప్పక తప్పదు, లేకపోతే మీరు ఒక బెండు తీసే రోజునే లెక్కల మాస్టారు వాణ్ణి బోర్డు దగ్గరికి పిలుస్తారు. కానీ చెప్పాల్సింది నాలుగే మాటలు: వాణ్ణి ఉన్నట్టుండి నిలబెట్టి అడగొద్దు, ఏం అడుగుతారో ముందే చెప్పండి, వాంతొస్తే బయటికెళ్లి రానివ్వండి, వచ్చాక మామూలుగా కూర్చోబెట్టండి. ఇంట్లో నాన్న ఏమంటాడు, అమ్మ ఎలా ఏడ్చింది, అవి టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు కావు. పిల్లాడి కష్టం మన దగ్గర దాచిన సొమ్ము లాంటిది. దాన్ని ఎవరికి ఎంత చూపించాలో వాణ్ణి అడిగే చూపించాలి.

ఇదంతా చేస్తున్నా నెలా నెలన్నరలో మార్పు లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, వారంలో సగం రోజులు బడికి రాకపోయినా మీ చేతులు దాటిందని అర్థం. అప్పుడు పిల్లల మనసు సంగతి తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ‘పిచ్చి డాక్టరు దగ్గరికా?’ అని వాళ్ల నాన్న అంటాడు. జ్వరం ముదిరితే పెద్దాసుపత్రికి వెళ్లమా అనండి. అక్కడా మొదట చేసేది చాలావరకు ఇలా మెట్టుమెట్టుగా మాటలతో నడిపించే వైద్యమే. వెళ్లడానికి తటపటాయిస్తుంటే ముందు 14416కి ఫోన్ చెయ్యమనండి. టెలి మానస్ అని, మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్ అది, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీరూ చెయ్యొచ్చు, టీచర్లకి దిగులుండదా ఏం?

ఒకటి మాత్రం నెలా నెలన్నర ఆగే విషయం కాదు. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వాడి నోటినుంచి గానీ, నోట్సు వెనకపేజీలో గానీ కనబడితే ఆ పూటే పక్కన కూర్చోబెట్టుకుని, ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. అడిగినవాళ్లు ఒకరున్నారని పిల్లాడికి ప్రాణం కుదుటపడుతుంది. ఒంటరిగా వదలకుండా, తల్లిదండ్రుల్ని పిలిపించి, అదే రోజు ఆస్పత్రికి. ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి టీచర్’ అంటే, ఆ ఒక్క మాట ఇవ్వకండి.

మీరు ముందుగా చెయ్యాల్సిన పని చెప్పి ముగిస్తాను. ఈ ఉత్తరం మీరు చదివేసరికి వారం మధ్యలో ఉంటారు. శుక్రవారం సాయంత్రం బడి అయ్యాక వాణ్ణి పిలిచి, సోమవారం ప్రార్థనప్పుడు ఎక్కడ నిలబడతావో నువ్వే చెప్పు అనండి. మీ పక్కనా, వరస చివరా, స్నేహితుడి వెనకా, ఏదైనా సరే. కరస్పాండెంట్ గారు ఒప్పుకునేదాకా మీ క్లాసు మార్కుల కాగితం మైకు దాకా వెళ్లకుండా ఏదో ఒకటి చెయ్యండి. దిద్దడం కాలేదని చెప్పండి, ఆ మాత్రం అబద్ధానికి నేను పూచీ. ఆదివారం రాత్రి వాళ్లమ్మకి ఫోన్ చేసి, రేపు వాంతయినా సరే పంపమని, వ్యాను దగ్గర మీరుంటారని చెప్పండి. చెప్పాక మాత్రం వ్యాను వచ్చే వేళకి గేటు దగ్గర తప్పకుండా ఉండండి.